అత్త మాట చెల్లదు

పోయిన భాగం చేతికందని వాళ్ళ కోసం నాలుగు మాటలు. జలోవ్కా ఊరి చివర, జమీందారు దగ్గర కౌలుకు తీసుకున్న పూటకూళ్ళ ఇల్లు నాది. కొసాక్కుల గుర్రపు దండు మా ఊళ్ళ మీద పడిన వేసవిలో నా ఒక్కగానొక్క కొడుకు కల్మన్ మైనం కొనడానికని దక్షిణానికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఐదేళ్ళయింది. చచ్చాడని చెప్పేవాళ్ళు లేరు, బతికున్నాడని చెప్పేవాళ్ళూ లేరు. వాడి భార్య పెస్యా నాతోనే ఉంది, భార్యా కాకుండా విధవా కాకుండా. పుస్తకాలకు అట్టలు కట్టే మెనాషె ఆమెను చేసుకుంటానని రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. కల్మన్ పోయినట్టు సాక్ష్యం దొరికితే తప్ప మా యూదుల మతగురువు రబ్బీ గారు ఆ పెళ్ళికి ఒప్పుకోరు.

ఆ శుక్రవారం పొద్దున, దారులు మళ్ళీ తెరుచుకున్నాక వచ్చిన మొదటి ఉప్పు బళ్ళతో ఒనిస్కో మా వాకిట్లో ఎద్దులు విప్పాడు. పాత ఎరిగిన మనిషి. మనవాడు కాదు, అవతలి ఒడ్డు రైతు. పెస్యా చేపలకు సంతకు వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. వేడి గంజి ముందు పెట్టాను. నేనేమీ అడగలేదు. వాడే బల్ల చివర ఖాళీ చోటు కేసి చూసి అన్నాడు.

"మీ కల్మన్ ఎప్పుడూ ఇక్కడే కూర్చునేవాడు కదా తల్లీ. మంచివాడు. కొసాక్కులు వెళ్ళిపోయాక రేవు దగ్గర రెల్లులోంచి శవాన్ని తీసింది నేనే. చెంప మీద ఎర్రమచ్చ చూసి గుర్తుపట్టా. మిట్ట మీద పూడ్చిపెట్టా. కబురు మీకు అందే ఉంటుందిలే."

అని ఇంకో ఉల్లిపాయ అడిగాడు.

నేను ఉల్లిపాయ ఇచ్చాను. తొక్క కూడా తీసి ఇచ్చాను. తర్వాత వీధిలోకి పరుగెత్తాను.

*

శుక్రవారం పొద్దుట్నుంచీ రబ్బీ ఆవిగ్దోర్ గారి గుమ్మం ముందు కోళ్ళ వరస ఉంటుంది. ఆ సాయంత్రం పొద్దు గుంకగానే మొదలయ్యే సబ్బాతు విశ్రాంతి దినానికి కోసిన కోడి లోపల పిత్తాశయం చెడిందనో, పొట్టలో మేకు దొరికిందనో, తినొచ్చా తినకూడదా అని అడగడానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా కోడి పేగులు పళ్ళేల్లో పట్టుకుని నిలబడతారు. నేను వాళ్ళను తోసుకుంటూ వెళ్ళాను.

"ఏయ్ రైసా! మేం పొద్దుట్నుంచీ నిలబడ్డాం!"

"నాది కోడి కాదు" అన్నాను.

రబ్బీ గారు నన్ను చూసి చేతిలో ఉన్న పేగు కింద పెట్టారు. పిండి అంటిన చేతులు, జారిన తలగుడ్డ, నా వాలకం చూసి తలుపు దగ్గరగా వేయమన్నారు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఒనిస్కో అన్న ప్రతి మాటా చెప్పాను. ఉల్లిపాయ సంగతి కూడా చెప్పాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. గడ్డం పట్టుకుని అటూ ఇటూ ఊగారు. ఆ ఊగడంలో నాకు ఆశ కనిపించింది.

"నువ్వేమీ అడగలేదా? తనంతట తనే అన్నాడా?"

"తనంతట తనే."

"మొహం చూశానన్నాడా? బట్టల్ని బట్టి కాదుగా?"

"మచ్చ చూశానన్నాడు. నా కడుపున పుట్టిన మచ్చ అది, రబ్బీ గారూ."

"బంగారంలాంటి సాక్ష్యం" అన్నారాయన. "వేరే మతం వాడు కబుర్లలో, తాను సాక్ష్యం చెబుతున్నానని తెలియకుండా అన్న మాట. మొగుడు కనిపించని ఆడవాళ్ళ కోసం పెద్దలు ఎన్నో తలుపులు తెరిచి ఉంచారు. ఇద్దరు సాక్షులు కావాల్సిన చోట ఒక్కరు చాలన్నారు. ఆడదైనా చాలన్నారు, పనిమనిషైనా చాలన్నారు. ఆ మాట విన్న యూదుల్లో ఒక్కరొచ్చి నాకు చెబితే చాలు."

"మరి నేను చెప్పాగా!"

ఆయన ఎదురుగా పళ్ళెంలో ఉన్న కోడి పేగు కేసి చూశారు.

"నువ్వు అత్తవి" అన్నారు.

"అయితే?"

"అత్త మాట చెల్లదు రైసమ్మా. కొంతమంది ఆడవాళ్ళ మాట ఈ విషయంలో తీసుకోరు. అత్త, ఆడపడుచు, సవతి... వీళ్ళకు ఆ పిల్ల మీద కక్ష ఉంటుందని."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వుకు నాకే భయమేసింది.

"కక్షా? కక్ష ఉంటే నా కొడుకు చచ్చాడని చెబుతానా?"

"చెప్పొచ్చు. అబద్ధం చెప్పి కోడలికి మరో పెళ్ళి చేయించొచ్చు. రేపు మొదటివాడు గుమ్మంలో నిలబడితే ఆ పిల్ల ఇద్దరికీ కాకుండా పోతుంది. అలా నాశనం చేయడానికి..."

"నా కొడుకు మట్టిలో ఉన్నాడని నా నోటితో చెప్పడానికి ఆ వీధంతా పరుగెత్తి వచ్చాను. దారిలో ఏడవలేదు. ఏడుస్తూ నిలబడితే ఆ బండివాడు వెళ్ళిపోతాడని ఏడవలేదు. మీరేమో నేను కోడలి మీద కసితో వచ్చానంటారు!"

"నేననడం లేదు. చట్టం అంటోంది."

"చట్టానికి అత్త ఉందా? ఎవర్ని చూసి రాశారు అది?"

ఆయన బల్ల మీద గట్టిగా కొట్టారు. పళ్ళెం ఎగిరింది. బయట కోళ్ళ ఆడవాళ్ళు గప్‌చుప్ అయిపోయారు.

"నాకు సరదా అనుకున్నావా? ఈ ఐదేళ్ళుగా నా గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు నాకు నిద్రలో వస్తాయి. ఒకావిడ మొగుడి చెప్పు పట్టుకొచ్చింది. చెప్పుతో నేనేం చేయను? రాత్రంతా పుస్తకాలు తిరగేసి, ఎక్కడో ఒక చిన్న కిటికీ వెతికి, కొందర్ని బయటికి పంపాను. నీ కోడలికి తలుపే తెరిచి ఉంది. కానీ ఆ తలుపులోంచి నువ్వు రాకూడదు. అంతే. ఇంకెవరైనా సరే."

"పెస్యా వింటే?"

"యుద్ధకాలంలో భార్య మాట కూడా తీసుకోరు. భయంతో, జరిగి ఉంటుందని అనుకుని జరిగిందని చెప్పేస్తుందని."

"మెనాషె?"

"వాడు అస్సలొద్దు!" అన్నారాయన చెయ్యెత్తి. "ఎవడి సాక్ష్యం మీద ఆడది విడుదలవుతుందో వాడు ఆమెను చేసుకోకూడదు. వాడు విన్నాడంటే పిల్లకు విడుదల దొరుకుతుంది గాని వాడికి పిల్ల దొరకదు. వాణ్ణి దూరంగా ఉంచు."

"అయితే మీరే రండి. వాడు ఇంకా తింటున్నాడు."

"నేనొస్తే వాడు టోపీ తీసి నిలబడతాడు. నిలబడ్డవాడు సాక్ష్యం చెబుతాడు గాని కబుర్లు చెప్పడు. జెలిగ్‌ని పంపుతాను. ఒక్కటే గుర్తుంచుకోండి. కల్మన్ సంగతి అడక్కూడదు. ఎందుకు కావాలో చెప్పకూడదు. ఏటి గురించి మాట్లాడండి, ఎద్దుల గురించి మాట్లాడండి. వాడంతట వాడే అనాలి."

మందిరం పనులు చూసే జెలిగ్ ప్రార్థన వేళకు కొయ్య సుత్తితో ఇంటింటి కిటికీ రెక్కలూ కొడుతూ తిరిగే మనిషి. ఊరంతటికీ సంగతులు చేరవేయడం అతని ఉద్యోగం. నోరు మూసుకోవడం ఆ ఉద్యోగంలో భాగం కాదు.

*

నేను తిరిగి వచ్చేసరికి పెస్యా వచ్చేసింది. పొయ్యి దగ్గర చేప పొలుసు తీస్తోంది. నా మొహం చూసి కత్తి ఆపింది.

"ఏమైందత్తా?"

ఏమని చెప్పను? ఒనిస్కో పక్కనే ఉన్నాడు. చేప తోమడానికి సాయం చేసినట్టు వంగి, ఆమె చెవిలో ఉన్నదున్నట్టు చెప్పాను. పెస్యా చేప వదల్లేదు. కాసేపయ్యాక మళ్ళీ పొలుసు తీయడం మొదలుపెట్టింది, తీసిన చోటే, చర్మం ఊడి వచ్చేదాకా.

జెలిగ్ వచ్చాడు. తలుపులోంచి చూస్తే పెళ్ళికి వచ్చినట్టున్నాడు, సబ్బాతు కోటు తొడుక్కుని.

"శుభం వదినా! ఏదో ఇలా వెళుతూ, ఊరికే, ఏ కారణం లేకుండా వచ్చాను" అన్నాడు పెద్దగా.

ఒనిస్కో జరిగి చోటిచ్చాడు. నేను ఇద్దరికీ సారా పోశాను. ఒనిస్కోకు వేయించిన చేప పెట్టాను, నెయ్యి వేసిన గోధుమ గంజి మళ్ళీ పెట్టాను, సబ్బాతుకని దాచిన తేనె రొట్టె కూడా కోసి పెట్టాను.

"ఇవాళేంటి తల్లీ, నన్ను బలిచ్చేముందు మేపుతున్నట్టు మేపుతున్నావు?"

"చాలా రోజులకొచ్చావు కదా" అన్నాను.

జెలిగ్ గొంతు సవరించుకున్నాడు. "నాకు నదులంటే చాలా ఇష్టం" అన్నాడు.

ఒనిస్కో నమలడం ఆపి అతని కేసి చూశాడు. "నదుల్లో ఏముంది? తడి."

"అది నిజమే. కానీ రేవులు... రేవుల దగ్గర ఏవేవో జరుగుతుంటాయి."

"జరుగుతాయి. పోయిన నెల నా ఎద్దు రేవు దగ్గరే కాలు బెణికించుకుంది." అక్కణ్ణించి ఎద్దు కథ మొదలైంది. దాని గిట్ట, ఆ గిట్టకు రాసిన తారు, ఆ తారు అమ్మినవాడి మోసం, ఆ మోసగాడి బావమరిది. తర్వాత సుంకం దగ్గర కూర్చున్న దొరగారి మనిషి ఉప్పులో ఉమ్మిన కథ. తర్వాత తన భార్య పన్ను నొప్పి, ఆ పన్నుకు పక్కూరి మంత్రసాని చేసిన వైద్యం. జెలిగ్ ప్రతిదానికీ తలూపుతూ, ప్రతిదాని చివరా "అప్పుడు రెల్లు పెరిగి ఉందా?" అని అడుగుతున్నాడు.

నేను బల్ల తుడిచాను. మళ్ళీ తుడిచాను. ఒనిస్కో గొంతు పట్టుకుని ఆ మాట పిండేయాలనిపించింది. పొద్దున అంత తేలిగ్గా, ఉల్లిపాయకు ముందు దొర్లిన మాట! ఇప్పుడు వాడి నోట్లోంచి లోకంలో ఉన్న సంగతులన్నీ వస్తున్నాయి, అదొక్కటి తప్ప. ఎండ గోడ మీంచి నేల మీదికి, నేల మీంచి గుమ్మం వైపుకు జరిగింది. బేకరీ నుంచి ఆడవాళ్ళు రొట్టెలు మోసుకెళుతున్నారు.

పెస్యా వచ్చి ఖాళీ గిన్నె తీసింది. బల్ల చివర, కల్మన్ చోటు దగ్గర, ఒక్క క్షణం ఆగింది. ఏ ఎత్తూ కాదు అది. కాళ్ళు ఆగాయి, అంతే.

ఒనిస్కో ఆమెను చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. గొంతు మారింది.

"పాపం ఈ పిల్లను చూస్తే... మీ ఆయన నా ఎద్దులకు ఉప్పు నాకించేవాడమ్మా, నా ఉప్పే నాకు అమ్మినట్టు నవ్వుతూ. ఆ రోజు నేను రెల్లులోకి వంగి..."

పెస్యా చేతిలో గిన్నె కదలడం లేదు.

"ఆగాగు! ఆగు!" అని జెలిగ్ లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ చాచి. "నెమ్మదిగా! ఒక్క ముక్క కూడా పోకూడదు. రబ్బీ గారికి నేను ఉన్నదున్నట్టు అప్పజెప్పాలి, ఈ పిల్ల పెళ్ళి నీ మాట మీదే ఉంది నాయనా! ఇప్పుడు చెప్పు, మొదట్నుంచీ!"

నేను జెలిగ్ కేసి తిరిగాను.

జెలిగ్ మొహం నెమ్మదిగా తెల్లబడింది. తన నోరు తనదే కానట్టు దాని మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయ్యో" అన్నాడు వేళ్ళ వెనకనుంచి.

నేను చేతిలో ఉన్న తడిగుడ్డ అతని సబ్బాతు కోటు మీదికి విసిరాను. "ఒక్క మాట! ఒక్క మాట వినడం చేతకాలేదా నీకు! జాగ్రత్తగా వినాలని అడిగావా? జాగ్రత్తగా! ఆ జాగ్రత్త పెట్టి పిల్లను బతికుండగా పాతిపెట్టావు!"

"వదినా, తప్పిపోకూడదనే కదా నేను..."

ఒనిస్కో అందర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే పొద్దుట్నుంచీ ఈ చేపా ఈ సారా అంతా ఇందుకా? ఆ మాట కావాలంటే అడిగితే చెప్పనా?"

"అడక్కూడదు" అన్నాను.

"ఎందుకు?"

"అడిగితే చెల్లదు."

"అడక్కపోతే చెల్లుతుందా?"

"చెల్లుతుంది."

వాడు టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నా ఎద్దులు నయం. సరే, ఇప్పుడు చెబుతా విను. మీ రబ్బీ దగ్గరికే వచ్చి చెబుతా. శిలువ మీద ఒట్టేసి చెబుతా."

"నువ్వు ఒట్టేస్తే ఇంకా చెల్లదు!" అని జెలిగ్ ఏడుపు గొంతుతో అరిచాడు.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తెరుచుకుంది. మెనాషె వచ్చాడు. జిగురు అంటిన ముందుగుడ్డ కట్టుకునే ఉన్నాడు. దూరంగా ఉండమని పొద్దున నేనే కబురంపాను. కానీ గోడ వెనక ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో, ఎర్రగడ్డం నిండా గడ్డి నలుసులు.

"పాడు చేశావు జెలిగ్! అంతా పాడు చేశావు! రెండేళ్ళు..." అని మొదలుపెట్టి, ఒనిస్కోను చూసి ఆగిపోయాడు.

ఒనిస్కో కూడా అతన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంకేం, ఇతనే ఉన్నాడుగా ఇక్కడ!" అన్నాడు. "నన్నడగడమెందుకు, నాకు చేపలు పెట్టడమెందుకు? ఈ ఎర్రగడ్డం మనిషిని అడగండి. ఆ రోజు రేవు దాటించింది ఇతన్నే. ఇద్దరూ పరుగెత్తుకుంటూ వచ్చారు, ఇతనూ మీ కల్మనూ. ఇతను నా బండెక్కాడు. అందుకేగా మీకు కబురు అందే ఉంటుందని పొద్దున అన్నాను. మీవాడొకడు బతికాడు కదా, చెప్పి ఉంటాడనుకున్నా."

అని లేచాడు. ఎవరూ ఆపలేదు. వాకిట్లో ఎద్దుల్ని కాడికి కడుతూ తనలో తాను ఏదో గొణుక్కోవడం వినిపించింది. జెలిగ్ నా కేసి చూశాడు, కిటికీలోంచి ఎండ కేసి చూశాడు, సబ్బాతు పిలుపు ఇవ్వాల్సిన వేళయిందని గొణుగుతూ, తడిగుడ్డ భుజం మీదే వేసుకుని వెళ్ళిపోయాడు.

*

ముగ్గురం మిగిలాం.

"నువ్వు అక్కడున్నావా?" అని అడిగింది పెస్యా. గొంతులో కోపం లేదు. సంతలో చేప తాజాదేనా అని అడిగినట్టు అడిగింది.

"ఉన్నాను."

నేను బల్ల పట్టుకున్నాను. "రెండేళ్ళు" అన్నాను. "రెండేళ్ళు ఈ బల్ల దగ్గర కూర్చుని నా చేతి కూడు తిన్నావు. నా కొడుకు పేరు వచ్చినప్పుడల్లా తల వంచుకుని చారు తాగావు. బిడియస్థుడివనుకున్నాను నేను! నువ్వు అట్ట కట్టిచ్చిన పుస్తకంలోనే నాకు పెస్యా అక్షరాలు నేర్పింది. ఈ వయసులో చదువు వచ్చిందని నీకు చూపించి మురిసిపోయాను. నీకు తెలుసు. అప్పుడూ తెలుసు."

"చెప్పడానికే వచ్చానమ్మా ఈ ఊరు" అన్నాడు మెనాషె. "ఒట్టు. దారిలో అతను ఊరి పేరూ మీ పేరూ చెప్పాడు. మా ఊరు కాలిపోయింది, నాకు వెళ్ళడానికి ఎక్కడా లేదు. ఈ కబురైనా చేరవేద్దామని మూడేళ్ళు అక్కడా ఇక్కడా తిరిగి మీ గుమ్మం దాకా వచ్చాను. తలుపు తట్టాను." ఆగాడు. "తలుపు తీసింది ఆమె."

పెస్యా కళ్ళు పక్కకు తిప్పలేదు.

"రేపు చెబుదామనుకున్నాను. తర్వాత వారం అనుకున్నాను. తర్వాత... చెబితే నేను సాక్షినవుతాను. సాక్షి ఆమెను చేసుకోకూడదు. ఇంకెవరో ఒకరు వస్తారు, ఇంకెవరో చూసే ఉంటారు, ఇంకొకరు చెబితే ఇద్దరికీ దారి దొరుకుతుందనుకున్నాను. ప్రతి బండి చప్పుడుకూ బయటికొచ్చి చూశాను."

"నాకు దారి నీ నోట్లో ఉంది" అంది పెస్యా. "నువ్వు దాన్ని మూసుకుని, నా పక్కన కూర్చుని, నాకోసం జాలిపడ్డావు."

"పెస్యా..."

"జాలి తర్వాత. ఇప్పుడు రా." ఆమె తలగుడ్డ సర్దుకుంది, గిన్నె బల్ల మీద పెట్టింది. "సబ్బాతు కొవ్వొత్తులు వెలిగించడానికి ఇంకా కాస్త వేళుంది. రబ్బీ గారి ముందు నిలబడి, కల్మన్ పోవడం చూశానని చెప్పు. తర్వాత నిన్నయితే చేసుకోను. చట్టం ఒప్పుకున్నా చేసుకోను. కానీ నేను విధవనని ఒక్కరు అనాలి మెనాషె. పగలు ఆ పేరుతో పిలవాలి. ఐదేళ్ళుగా ప్రార్థనలో నా మొగుడి ఆరోగ్యం కోరాలో ఆత్మశాంతి కోరాలో తెలియక పెదవులు కదిలించి ఊరుకుంటున్నాను. రా, నడు."

మెనాషె కదల్లేదు.

"చెప్పలేను" అన్నాడు.

"ఇంకా ఆశేనా?" అని అరిచాను నేను. "ఇంత విన్నాక ఇంకా పిల్ల దక్కుతుందనేనా?"

"అది కాదమ్మా!" మొదటిసారి అతని గొంతు పెరిగింది. "దక్కదని తెలుసు. ఇప్పుడు ఎలాగూ దక్కదు. చెప్పడానికి సిద్ధమే. కానీ ఏం చెప్పను? రబ్బీ గారు అడిగేది ఒక్కటే, చావడం చూశావా అని. నేను చూడలేదు. ఆ ఉప్పు బండిలో ఒక్కరికే చోటుంది. గుర్రాల చప్పుడు దగ్గరికొచ్చింది. ముందు నేను ఎక్కాను. నేను ఎక్కేసరికి అతను బతికే ఉన్నాడు."

పొద్దున ఒనిస్కో నా కొడుకును చంపాడు. ఆ వెంటనే రబ్బీ గారు వాణ్ణి మళ్ళీ ఎటూ కాకుండా నిలబెట్టారు. ఇప్పుడు ఈ మనిషి వాణ్ణి ఏటి ఒడ్డున బతికించి, నా కళ్ళముందే బండెక్కి వెళ్ళిపోతున్నాడు.

"బతికుండగా వదిలేశావు" అన్నాను.

"వదిలేశాను."

"వాడు నిన్ను పిలిచాడా?"

అతను జిగురు ఎండిన వేళ్ళు ముందుగుడ్డకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"అడిగేది వాడి తల్లి" అన్నాను. "నా సాక్ష్యం ఎక్కడా చెల్లదు, నాతో చెబితే నీకు పోయేదేం లేదు. పిలిచాడా?"

"పేరు పెట్టి పిలిచాడు" అన్నాడు మెనాషె. "ఎక్కించుకోమని కాదు. నీళ్ళ చప్పుడులోనూ నాకు వినపడాలని మళ్ళీ మళ్ళీ అరిచాడు. ఒక మాట చేర్చమన్నాడు. పెస్యాకి."

వీధి మొదట్లో జెలిగ్ సుత్తి వినిపించింది, దీపాలు పెట్టేయండి, ఇక నిప్పు ముట్టకూడదని. కిటికీ రెక్కల మీద, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, మా వైపే వస్తోంది. ఎదురింట్లో అప్పుడే కొవ్వొత్తులు వెలిగించారు. మా కొవ్వొత్తులు రెండూ కిటికీ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పొయ్యిలోంచి తీసిన పుల్ల పెస్యా చేతిలో మండుతోంది, ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. నా ఇంట్లో ఒక్క శుక్రవారం కూడా దీపం ఆలస్యం కాలేదు. కొసాక్కులు ఊరి బయట ఉన్న శుక్రవారం కూడా.

సుత్తి మా కిటికీ మీద పడింది. ముందుకు వెళ్ళిపోయింది.

పెస్యా కిటికీ వైపు వెళ్ళలేదు. పుల్లను నేలకు నొక్కి ఆర్పింది. మెనాషెకు ఎదురుగా, కల్మన్ చోట్లో కూర్చుంది.

"చెప్పు" అంది.